బెంగళూరు నుంచి పాత డీజిల్ కారా, అనంతపురం షోరూంలో కొత్త చిన్న కారా?

అనంతపురం టీచరమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను అనంతపురం పక్క మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. కిందటి సంవత్సరం మా అమ్మకు బెంగళూరులో గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి నెలకు రెండుసార్లు ఆమెను పరీక్షలకు తీసుకువెళ్లి, వీలైనంతవరకు అదే రాత్రికి ఇల్లు చేరుకుంటున్నాం. రానుపోను 420 కిలోమీటర్లకు పైబడిన ఈ ప్రయాణానికి ఇంతకాలం బాడుగ కారు మాట్లాడుకుంటూ వచ్చాం గాని, కావలసిన రోజున బండి దొరకక రెండుసార్లు డాక్టరు ఇచ్చిన సమయం తప్పిపోయింది. అందుకని సొంత కారు కొనక తప్పదని నిశ్చయించుకున్నాం. కారు నేనే నడుపుతాను.

మా దగ్గర మూడున్నర లక్షలు ఉన్నాయి. మిగిలినది బ్యాంకు అప్పు. మొత్తం ఏడున్నర లక్షలు దాటకూడదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు అక్కడే ఒక పాత కారు చూశాడు. 2017లో రిజిస్టరైన డీజిల్ బండి, పెద్దది, 78,000 కిలోమీటర్లు తిరిగిందంటున్నారు, మొదటి యజమానే అమ్ముతున్నాడంటున్నారు, 6 లక్షల 40 వేలు అడుగుతున్నారు. అదే డబ్బుకు మరో లక్షా పదివేలు చేరిస్తే ఇక్కడి షోరూంలో చిన్న పెట్రోలు కారు కొత్తది వస్తుంది. కొత్త కారు గేటు దాటగానే లక్ష రూపాయలు నేలపాలవుతాయనీ, హైవే మీద చిన్న కారు కంటే బరువైన కారే క్షేమమనీ తమ్ముడి వాదన. వాడి మాట తీసివేయదగినది కాదు. కాని నా మనసు కొత్త కారు వైపే లాగుతోంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ దాటేటప్పుడు అక్కడ వరుసగా నిలిపిన బండ్లను చూసి మా అమ్మ, "మొదటి నుంచీ మనమే వాడుకునే బండి అయితే బాగుంటుందే" అంది. ఆ మాట నాలో ఉండిపోయింది.

నాకు కావలసింది ఒక్కటే. కొత్తదే కొనడానికి నిజమైన కారణాలు ఉన్నాయా, లేక అవి మన కోరికకు మనం తగిలించుకునే సాకులా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

తుంగభద్ర గట్టు, కర్నూలు:

టీచర్ గారూ, నేను కర్నూలులో బ్యాంకు ఉద్యోగిని. వాహన రుణాల కాగితాలు రోజూ నా బల్ల మీదికి వస్తాయి. కాబట్టి నాకు తెలిసిన లెక్కల వరకే మాట్లాడతాను.

పాత కారుకు, కొత్త కారుకు మధ్య మీకు కనిపిస్తున్న లక్షా పదివేల తేడా కాగితం మీద ఉన్నంత పెద్దది కాదు. కొత్త కారుకు ఇచ్చే అప్పు మీద వడ్డీ తక్కువ, పాత కారుకు ఇచ్చే అప్పు మీద వడ్డీ బాగా ఎక్కువ. పాత బండి విలువ ఎప్పుడు ఎంత పడిపోతుందో బ్యాంకుకు కూడా తెలియదు గనుక ఆ భయాన్ని వడ్డీలో కలుపుతుంది. ఉదాహరణకు కొత్త కారుకు 9 శాతం, పాతదానికి 14 శాతం అనుకోండి. మీరు కొత్తదానికి 4 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 8,300 రూపాయలు కట్టాలి, మొత్తం వడ్డీ 98 వేలు అవుతుంది. పాతదానికి 2 లక్షల 90 వేలే తీసుకున్నా నెలకు 6,750 దాకా కట్టాలి, మొత్తం వడ్డీ లక్షా 15 వేలకు చేరువవుతుంది. అంటే లక్షా పదివేలు తక్కువ అప్పు చేసి కూడా పదహారు వేలు ఎక్కువ వడ్డీ కడతారు. వడ్డీ రేట్లు బ్యాంకును బట్టి, మీ జీతాన్ని బట్టి మారతాయి గాని, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే. పైగా పాత కారుకు ఐదేళ్ల గడువు అందరూ ఇవ్వరు. గడువు తగ్గితే వడ్డీ తగ్గుతుంది గాని నెలవారీ భారం పెరుగుతుంది.

రెండో విషయం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ మించని కార్లు ఇందులోకి వస్తాయి. అంతకుముందు ఇవే పెట్రోలు కార్ల మీద 28 శాతం జీఎస్టీకి 1 శాతం సెస్సు కలిసి 29 శాతం ఉండేది. పన్నుకు ముందు 5 లక్షలు ధర ఉన్న కారు మీద 55 వేల రూపాయల భారం తగ్గిందన్న మాట. పాత కారు అమ్మేవారు మాత్రం తాము ఎంతకు కొన్నారో చెప్పి, అందులోంచి కొంత తగ్గించి అడుగుతారు. ఆ పోలిక మనకు అక్కరలేదు. ఈ రోజు అదే తరగతి కొత్త కారు ఎంతకు వస్తుందో దానితోనే పోల్చాలి.

గేటు దాటగానే విలువ పడిపోతుందన్నది అబద్ధం కాదు. బీమా కంపెనీలు వాడే తరుగుదల పట్టికలోనే ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, ఆపై ఏడాదికి పదేసి శాతం చొప్పున పెరిగి అయిదో ఏడు నిండేసరికి 50 శాతం అని ఉంటుంది. అయితే ఈ నష్టం కారు అమ్మేవాడికి తగులుతుంది. మీరు అప్పు తీరేవరకు, ఆ తర్వాత కూడా అదే కారు వాడేవారైతే, మొదటి ఏడాది పడిన 15 శాతం పదేళ్ల వాడకంలో పరచుకుపోతుంది. మూడేళ్లకోసారి కారు మార్చేవారికే మీ తమ్ముడు గారి వాదన పూర్తిగా వర్తిస్తుంది.

కడప షెడ్డు:

అమ్మా, నేను కడపలో ఇరవై రెండేళ్లుగా కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా పాత కార్లే, నాకు అన్నం పెట్టేవీ అవే. కాబట్టి పాత కార్ల మీద నాకు చిన్నచూపు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. అయినా మీ పరిస్థితిలో నా సొంత చెల్లెలు అడిగినా కొత్తదే కొనమంటాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

పాత కారు కొనేటప్పుడు మనం చూసేది రంగు, సీట్లు, ఇంజను చప్పుడు. అమ్మేవారు మనకు చూపేదీ అవే. మనకు అవసరమైనది మాత్రం ఆ కారు ఇంతకాలం ఎలా బతికిందన్న సంగతి, దాన్ని బయటినుంచి చూసి చెప్పడం చెయ్యి తిరిగిన మేస్త్రీకి కూడా కష్టమే. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగింది, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి మన రాజంపేట పరిసరాలు కొట్టుకుపోయాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అప్పుడు నీళ్లలో నానిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. కడిగి, ఆరబెట్టి, పాలిష్ పట్టి, ఊరు మార్చి అమ్మినవి చాలా ఉన్నాయి. మూడేళ్ల కిందట ఒకాయన బెంగళూరు నంబరు బండి కొని, డాష్‌బోర్డులో దీపాలు వాటంతట అవే వెలుగుతున్నాయని నా దగ్గరికి తెచ్చాడు. పైన అద్దంలా మెరుస్తోంది. సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే కింద ఎండిన ఒండ్రు మట్టి పెచ్చులు పెచ్చులుగా ఉంది, వైరింగు కనెక్టర్లలో పచ్చని చిలుము పట్టి ఉంది. అంతకంటే నన్ను భయపెట్టింది మరొకటి. ఇగ్నిషన్ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం ఒకసారి వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి, ఆ కారులో అది అసలు వెలగనే లేదు. ఏనాడో ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే కొత్తది వేయకుండా పైన మూత బిగించి, దీపం తీగ పీకేశారు. ఆయన ఆ కారులోనే పసిబిడ్డను పెట్టుకుని ఆరు నెలలు తిరిగాడు.

మీరు ఆ బెంగళూరు కారును చూడవలసి వస్తే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, నీళ్లలో మునిగిన బండి అయితే లోపలి భాగంలో బురద చార కనబడుతుంది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింది గుంటలో తుప్పు ఉందేమో చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. నాలుగు టైర్లకూ నాలుగు తేదీలుంటే ఎందుకో అడగండి. ఇవన్నీ చూసినా కొన్ని దొరకవు. తిరిగిన కిలోమీటర్లు తక్కువగా కనబడేలా మీటరును వెనక్కి తిప్పినవాడు ఎంత తిప్పాడో నేను కూడా కళ్లతో చూసి చెప్పలేను. కారు స్టీరింగు, బ్రేకు పెడలు మీది రబ్బరు అరుగుదలను బట్టి అనుమానించగలను, అంతే.

ఇక మీ ప్రయాణం సంగతి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు మాట. ఎనిమిదేళ్లు దాటిన బండిలో కూలెంట్ గొట్టాలు, ఫ్యాను మోటారు, నీళ్ల పంపు, రేడియేటర్ మూత, ఇవి ఊరి తిరుగుళ్లలో ఏమీ అనవు. ఏసీ పెట్టుకుని వంద కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు ఆపకుండా పోతేనే వాటి బలహీనత బయటపడుతుంది. గొట్టం పగిలి ఇంజను వేడెక్కితే ఇంజను పైభాగం సందును మూసి ఉంచే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అది పోతే వేలల్లో ఖర్చు. కాని డబ్బు తర్వాతి మాట. బాగేపల్లి దాటిన తర్వాత రాత్రి తొమ్మిది గంటలకు గుండె జబ్బు ఉన్న అమ్మను రోడ్డు పక్కన కూర్చోబెట్టి మేస్త్రీ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. కొత్త కారు ఆగిపోదని నేను ప్రమాణం చేయను. అయితే కొత్త కారు ఆగితే కంపెనీ వారి రోడ్డు సహాయానికి ఫోను చేస్తారు, చెడిపోయిన భాగం వారంటీలో మారుస్తారు. ఇప్పుడు చాలా కంపెనీలు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆసుపత్రి ప్రయాణాలే ఏడాదికి పదివేల కిలోమీటర్లు అవుతాయి కాబట్టి మీకు మూడేళ్లూ పూర్తిగా అందుతుంది, తర్వాత కొంత కట్టి పొడిగించుకోవచ్చు కూడా.

బరువైన కారు క్షేమమన్న మాట సగం నిజం. ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు బరువు పనికొస్తుంది. కాని గుద్దుకోకుండా ఆపేది బ్రేకులు, గుద్దుకున్నాక కాపాడేది ఎయిర్‌బ్యాగులు. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్న కార్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జులై నుంచి వచ్చాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ వచ్చేసరికి 2021 ముగిసింది. మీరు చూస్తున్నది 2017 బండి. దాని ఖరీదైన రకంలో ఇవి ఉండవచ్చు, తక్కువ రకంలో ఒక్కటీ లేకపోవచ్చు. ఇప్పటి కొత్త చిన్న కార్లలో చాలావాటికి ఆరు ఎయిర్‌బ్యాగులు కింది రకం నుంచే వస్తున్నాయి. హ్యుందాయ్ 2023 అక్టోబరులోనే తన కార్లన్నిటికీ ఆరు పెట్టింది. అదే నెలలో భారత్ ఎన్‌క్యాప్ అనే, కారు గుద్దుకుంటే లోపలివారికి ఎంత రక్షణో తేల్చే పరీక్షలు కూడా మొదలయ్యాయి, మీరు ఎంచుకున్న కారుకు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూసుకునే వీలుంది. గువ్వలచెరువు ఘాటులో వర్షం రోజున లారీ ఎదురొచ్చినప్పుడు బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి జారిన పాత కార్లను నేను క్రేనుతో ఎత్తించి షెడ్డుకు తెచ్చాను. ఆ ఒక్క కారణం చాలు నాకు.

గుంతకల్లు రైలుబాట:

మేడం, కారు మంచిదా చెడ్డదా అన్నది ఒక ఎత్తు, కాగితాలు ఒక ఎత్తు. నేను నాలుగేళ్ల కిందట బెంగళూరు నుంచి పాత కారు తెచ్చుకుని, దాన్ని మన నంబరుకు మార్చుకునేసరికి పదకొండు నెలలు పట్టింది. అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాల మీద అమ్మినవారి సంతకాలు ఉండాలి. ఆయన కారు అప్పు మీద కొని ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 తప్పనిసరి. నాకు మధ్యవర్తి అన్నీ సిద్ధమన్నాడు. తీరా చూస్తే అప్పు తీరింది గాని ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీసివేయలేదు. అసలు యజమాని ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్లిపోయాడు, మధ్యవర్తి ఫోను ఎత్తడం మానేశాడు. సంతకం కోసం నేను మూడుసార్లు సెలవు పెట్టి వెళ్లాను.

వేరే రాష్ట్రం బండిని మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. అప్పుడు మన రాష్ట్రానికి జీవితకాల పన్ను కట్టాలి. కర్ణాటకలో కట్టిన దానిలో మిగిలిన భాగాన్ని వాపసు అడగవచ్చు గాని, ముందు జేబులోంచి పెట్టుకోక తప్పదు, వాపసు ఎప్పుడొస్తుందో చెప్పేవారు లేరు. మీ తమ్ముడు గారు చెప్పిన 6 లక్షల 40 వేలలో ఈ పన్ను లేదని గమనించండి.

బీమా కూడా చూసుకోండి. కారుతో పాటు పాలసీ మీ చేతికి వస్తుంది గాని, పద్నాలుగు రోజుల్లోగా మీ పేరుకు మార్చమని అడగకపోతే మీ బండికి జరిగిన నష్టానికి పరిహారం అందదు. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో యాభై శాతం దాకా తగ్గించే నో క్లెయిం బోనస్ మనిషికి చెందుతుంది, బండికి కాదు. అమ్మినాయన దాన్ని తనతో తీసుకుపోతాడు.

కొత్త కారుకు ఇవేవీ లేవు. రిజిస్ట్రేషన్ షోరూంవారే చేయిస్తారు, ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించే మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా మొదటి రోజే అందులో కలిసి ఉంటుంది. నేను పోగొట్టుకున్న సెలవులకు, తిరిగిన తిరుగుళ్లకు ధర కట్టుకుంటే నాకు పాత కారు చవకగా పడలేదు.

ధర్మవరం మగ్గం:

అక్కా, ఇక్కడ అందరూ ఒకే మాట చెబుతున్నారు గనుక రెండో వైపు కూడా వినాలి. నేను పాత కారే కొన్నాను, ఐదేళ్లుగా బాధలేకుండా నడుపుతున్నాను. కాకపోతే నేను కొన్నది మా వీధిలోనే ఉండే ఒక రిటైరైన ఉద్యోగి దగ్గర. ఆయన ఆ కారును ఎలా వాడేవారో రోజూ కళ్లారా చూశాను, ప్రతి సర్వీసు రశీదు ఫైలులో పెట్టి ఇచ్చారు, ఇద్దరం కలిసి ఒకే రోజు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి పని ముగించుకున్నాం. పాత కారు మంచిదా అంటే, యజమాని తెలిసినవాడైతే మంచిదే అంటాను.

మీకు నా సలహా ఏమిటంటే, బెంగళూరు డీజిల్ బండి వద్దు. కాని కొత్తదే కొనాలని కూడా లేదు. అనంతపురంలోనే మూడేళ్లు వాడిన చిన్న పెట్రోలు కారు, తెలిసినవారిది, నాలుగున్నర లక్షల నుంచి అయిదు లక్షల్లో వెతకండి. అప్పు లక్ష, లక్షన్నరతో సరిపోతుంది. మిగిలిన డబ్బు అమ్మగారి మందులకు, ఆసుపత్రికి చేతిలో ఉంటుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు చేతిలో డబ్బు ఉండటం కూడా ఒక భద్రతే కదా. నెలకు 8,300 కిస్తీ ఐదేళ్లపాటు తప్పకుండా కట్టాలన్న సంగతిని ఎవరూ తూచినట్టు లేదు.

కడప షెడ్డు:

ధర్మవరం సోదరుడు చెప్పినది గట్టి మాట. చేతిలో డబ్బు గురించి ఆయన అన్నది నేను రాయవలసింది, మరచిపోయాను. తెలిసినవారి కారు దొరికితే నేనూ కాదనను. దొరకడమే కష్టం. బాగా చూసుకున్న చిన్న పెట్రోలు కారును ఎవరైనా అమ్మాలనుకుంటే అది బజారుకు రాకముందే వారి బంధువులే తీసేసుకుంటారు. బజారుకు వచ్చినవాటికి గిరాకీ ఎక్కువ కాబట్టి ధర పెద్దగా తగ్గదు. జీఎస్టీ తగ్గిన తర్వాత కొత్తదానికి, మూడేళ్ల పాతదానికి మధ్య ఎడం ఇంకా ఇరుకైంది.

వెతికితే మాత్రం 2023 ఏప్రిల్ తర్వాత తయారైనదే చూడండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఆ తేదీ తర్వాత వచ్చిన కార్లలో గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునేలా చేశారు. అంతకుముందు కార్లు దానితో నడవవని కాదు, రబ్బరు భాగాలను కనిపెట్టుకుని ఉండాలి.

అనంతపురం టీచరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక తమ్ముడితో ఆ కారు ఆర్‌సీ వివరాలు ప్రభుత్వ ఎం పరివాహన్ యాప్‌లో చూడమన్నాను, కంపెనీ సర్వీసు సెంటరులో దాని చరిత్ర అడగమన్నాను. అమ్ముతున్నాయన మొదటి యజమాని కాదు, మూడో యజమాని. 2021లో 62,000 కిలోమీటర్ల దగ్గర జరిగిన సర్వీసు తర్వాత కంపెనీలో ఒక్క నమోదూ లేదు. బయట షెడ్డులో చేయించారేమో, చేయించలేదేమో, ఎవరూ చెప్పలేకపోయారు. మా తమ్ముడు తానే ఫోను చేసి, "వద్దులే అక్కా" అన్నాడు.

ధర్మవరం తమ్ముడు చెప్పినట్టు పదిహేను రోజులు ఇక్కడ తెలిసినవారి దగ్గర విచారించాను. ఒకే ఒక కారు కనబడింది. మూడేళ్ల బండికి 5 లక్షల 60 వేలు చెప్పారు, అందులో రెండే ఎయిర్‌బ్యాగులు. కిస్తీ సంగతి ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాం. బాడుగ కార్లకు నెలకు పదివేలకు పైగా పెడుతూ వచ్చాం, పెట్రోలు పోను మిగిలేదానితో కిస్తీ సగం పైగా తీరుతుంది, మిగతాది నా జీతంలోంచి వెళ్లినా ఇల్లు ఇబ్బంది పడదు. కాబట్టి కొత్త చిన్న కారే తీసుకుంటున్నాం. ఇక ఒక్క ప్రశ్న. బండి చేతికి వచ్చేటప్పుడు ఏమి చూసుకోవాలి?

తుంగభద్ర గట్టు, కర్నూలు:

షోరూంవారు ఇచ్చే బీమానే తీసుకోవాలన్న నియమం లేదు. బయట రెండు మూడు చోట్ల ధర అడిగి, ఆ కాగితం చూపి బేరమాడండి. మొదటి ఐదేళ్లు భాగాల తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ తీసుకోవడం మంచిది. అప్పు కాగితాల మీద ముందుగా కడితే జరిమానా ఎంతో అడిగి రాయించుకోండి.

కడప షెడ్డు:

అమ్మా, కారును రిజిస్ట్రేషన్‌కు ముందే చూడండి. నంబరు పడ్డాక లోపం కనబడితే మార్చి ఇవ్వడానికి వారు ఒప్పుకోరు. స్టాకు యార్డులో, పగటి వెలుతురులో చూడాలి. ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం చెప్పమనండి, కిందటి సంవత్సరం తయారీ అయితే ధర తగ్గించమనండి లేదా వేరే బండి అడగండి. మీటరు మీద వంద కిలోమీటర్లకు మించి ఉంటే టెస్ట్ డ్రైవుకు వాడిన బండేమో అడగండి. అయిదు టైర్ల తేదీలూ కారు తయారైన తేదీకి దగ్గరగా ఉండాలి. తలుపులు, బోనెట్టు, డిక్కీల మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి, రంగులో తేడా కనబడితే దారిలో దెబ్బ తిని మళ్లీ రంగు వేసినదని అనుమానించాలి. ఇగ్నిషన్ తిప్పి ఎయిర్‌బ్యాగ్ దీపం, ఏబీఎస్ దీపం వెలిగి ఆరుతున్నాయో లేదో చూడటం మరవకండి.

డబ్బు కట్టకముందే ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవుకు అమ్మగారిని కూడా తీసుకువెళ్లి వెనక సీట్లో, ముందు సీట్లో విడివిడిగా అరగంట కూర్చోబెట్టండి. ఆపరేషన్ జరిగిన మనిషికి ఎక్కిదిగేటప్పుడు నడుము ఎంత వంచవలసి వస్తోందో, బెల్టు గుండె మీద కుట్టు ఉన్నచోట ఒత్తుతోందో లేదో ఆమెకే తెలుస్తుంది. ఒత్తితే బెల్టు ఎత్తు సవరించే వీలున్న రకం అడగండి, లేదా సీటు ఎత్తుగా ఉండే మరో మోడలు చూడండి.